ఫ్యూయల్ లైన్ జాయింట్లకు సేఫ్టీ వైర్: ఎక్కడ వేయాలి, ఎక్కడ వద్దు?

విభాగం: సొంతంగా కట్టుకునే విమానాలు › ఇంజిన్, ఫ్యూయల్ సిస్టమ్

బకింగ్‌బార్ (డల్లాస్) · 1

అందరికీ నమస్కారం. కడుతున్నది ఆర్‌వీ-7 (వాన్స్ కంపెనీ కిట్ విమానం), ఇంజిన్ కార్బురేటర్ ఉన్న ఓ-360. ఎడమ ట్యాంకు యాక్సెస్ ప్లేటు ఇంకా మూయలేదు. మూసేలోపు తేల్చుకోవాల్సినవి మూడు.

ట్యాంకు లోపల పెట్రోలు పీల్చే పికప్ ట్యూబును పట్టి ఉంచే బి-నట్‌కు (ఫ్లేర్ జాయింటు నట్టుకు) సేఫ్టీ వైరు వేయాలా? ట్యాంకును ఎంచుకునే సెలెక్టర్ వాల్వు నుంచి ఫైర్‌వాల్ (క్యాబిన్‌కూ ఇంజిన్‌కూ మధ్య గోడ) దాకా 3/8 అంగుళం లైన్లో ఉన్న ఏఎన్818 ఫ్లేర్ నట్లలో దేనికీ రంధ్రం లేదు. వాటన్నిటికీ రంధ్రాలు వేసి వైరు కట్టాలా? ఇక గ్యాస్కొలేటర్ (పెట్రోల్లోని నీరు, మురికి పట్టే గిన్నె), కార్బురేటర్ ప్లగ్గుల సంగతేమిటి? చేతిలో 0.032 అంగుళం స్టెయిన్‌లెస్ వైరు చుట్ట, తిప్పుడు ప్లయర్స్ ఉన్నాయి.

టార్క్ మావయ్య (హ్యూస్టన్) · 2

మొదటిదానికి వేయాలి. రెండోదానికి వద్దు. మూడోదానికి, తయారీదారు ఎక్కడ రంధ్రం పెట్టాడో అక్కడల్లా వేయాలి.

కారణం చెబుతాను. సేఫ్టీ వైరు దేన్నీ బిగించదు. బిగించిన నట్టు ఊడిపోకుండా కాపలా కాస్తుంది, అంతే. ఫ్లేర్ జాయింట్లో పెట్రోలు కారకుండా ఆపేది 37 డిగ్రీల శంకువు మీద ట్యూబు విప్పారిన అంచు (ఫ్లేర్) కూర్చున్న తీరు, దాని మీద పడిన బిగువు. ఫ్లేర్ వంకరగా ఉంటే మూడు వైర్లు కట్టినా చెమరుస్తూనే ఉంటుంది. కాబట్టి ఏ నట్టు దగ్గరైనా అడగాల్సింది ఒకటే: ఇది వదులైతే నాకు కనిపిస్తుందా, అక్కడికి నా స్పానర్ చేరుతుందా? క్యాబిన్‌లో కవర్ విప్పితే అన్ని నట్లూ కనిపిస్తాయి. ట్యాంకు లోపలిది మూశాక మళ్లీ చూసేది ఎన్నేళ్లకో.

పైగా పికప్ నట్టు వదులైతే బయటికి ఒక్క చుక్క కూడా కారదు. అసలు ప్రమాదం అదే. అది పీల్చే వైపు. ట్యాంకు నిండా ఉన్నప్పుడు ఆ జాయింటు పెట్రోల్లో మునిగి ఉంటుంది, సందులోంచి కూడా పెట్రోలే పోతుంది. గేజీ, ప్రెషరూ అన్నీ మామూలే. మట్టం జాయింటు కిందికి దిగిందా, పంపు గాలి పీలుస్తుంది. ట్యాంకులో ఇంకా పెట్రోలు ఉండగానే ఇంజిన్ దగ్గుతుంది. నేల మీద ఫుల్ ట్యాంకుతో ఎన్ని రన్-అప్‌లు (ఎగిరే ముందు ఇంజిన్ పరీక్షలు) చేసినా ఇది బయటపడదు. ఈ నట్టు గురించే వాన్స్ కంపెనీ 2006లో సర్వీస్ బులెటిన్ ఇచ్చింది. నీ మోడల్‌కు సంబంధించిన కాగితం తీసి ఒకసారి చదువు.

బకింగ్‌బార్ · 3

థాంక్స్ మావయ్యా. పికప్ నట్టుకు రంధ్రం ఎక్కడ, ఎంత? వైరు రెండో కొసను దేనికి కట్టాలి?

టార్క్ మావయ్య · 4

నట్టు ఆరు మూలల్లో ఒకదానికి. ఒక పలక మీద మూలకు దగ్గరగా మొదలుపెట్టి, పక్క పలకలోంచి బయటికి రావాలి. 0.032 వైరుకు 1/16 అంగుళం డ్రిల్ సరిపోతుంది. మరీ లోపలికి జరిగితే మర తగులుతుంది, మరీ అంచుకు పోతే మూల చీలి ఊడుతుంది. చేత్తో పట్టుకుని డ్రిల్ చేస్తే బిట్టు జారడం ఖాయం. వీ-బ్లాకులోనో చిన్న జిగ్‌లోనో బిగించి, సెంటర్ పంచ్ కొట్టి, డ్రిల్ ప్రెస్‌లో చెయ్యి. పక్కపక్కన రెండు మూలలకు వేసుకుంటే, బిగించాక నట్టు ఏ కోణంలో ఆగినా ఒక రంధ్రం అనుకూలంగా దొరుకుతుంది.

రెండు వైపులా బర్ (డ్రిల్ లేపిన అంచు) తీసేయి. ఆ అంచు పదునుగా ఉంటే వైరుకు గంటు పడుతుంది. ఇదంతా నట్టు విడిగా ఉన్నప్పుడే, ట్యాంకుకు దూరంగా. తీగలా లేచిన అల్యూమినియం పొట్టు ట్యాంకులో పడితే చివరికి చేరేది పికప్ జాలీకే.

రెండో కొసను పికప్ తిరక్కుండా పట్టే యాంటీ-రొటేషన్ బ్రాకెట్‌కు కట్టు. ట్యూబుకు మాత్రం ఎప్పుడూ కట్టకు. మెత్తటి అల్యూమినియం ట్యూబును స్టెయిన్‌లెస్ వైరు కంపనంలో రంపంలా కోస్తుంది.

సీతాకోకచిలుక (న్యూజెర్సీ) · 5

రెండోదాని విషయంలో నాకు వేరే అభిప్రాయం ఉంది మావయ్య గారూ. ఫైర్‌వాల్ ముందున్న నట్లకైనా వైరు ఉంటే తప్పేమిటి? అక్కడ కంపనం ఎక్కువ, పక్కనే ఎగ్జాస్ట్.

ఎ అండ్ పి మాస్టారు (అట్లాంటా) · 6

తప్పులు మూడు అమ్మా.

ఫైర్‌వాల్ ముందు వాడేవి స్టీల్ ఫిట్టింగులు, ఫైర్‌స్లీవ్ తొడిగిన హోసులు. హోసు చివర తిరిగే నట్టు తయారైనప్పుడే దానికో గోడ మందం లెక్క ఉంది. మనం రంధ్రం వేస్తే ఆ లెక్క తప్పుతుంది, తయారీదారు బాధ్యతా అక్కడితో తీరుతుంది. రెండు, వైరు ఉన్న నట్టును తనిఖీలో ఎవరూ స్పానర్‌తో ముట్టుకోరు. వైరు ఉంది కదా అని వదిలేస్తారు. బిగువు పోయిన జాయింటును వైరే దాస్తుంది. మూడు, ఊగే ఇంజిన్‌కూ కదలని ఎయిర్‌ఫ్రేమ్‌కూ మధ్య వైరు కట్టేవాళ్లూ ఉన్నారు. అది తెగడానికి ఎక్కువ గంటలు పట్టదు.

ఫ్లేర్ నట్టుకు కావాల్సింది సరైన టార్క్, దాని మీద గుర్తు గీత. 5052-ఓ అల్యూమినియం ట్యూబుకు ఏసీ 43.13-1బి (అమెరికా ఎఫ్‌ఏఏ మరమ్మతుల మార్గదర్శి) చెప్పే అంకెలివి, ఇంచ్-పౌండ్లలో:

1/4 ట్యూబు: 40 నుంచి 65
3/8 ట్యూబు: 75 నుంచి 125
1/2 ట్యూబు: 150 నుంచి 250

స్టీల్ ట్యూబుకు 3/8 అయితే 270 నుంచి 300. ఈ రెండు వరసలూ కలిపేసుకుని అల్యూమినియం ఫ్లేర్‌ను 270కి బిగిస్తే అంచు నలిగి పల్చబడుతుంది, ఫ్లేర్ మొదట్లో వలయంలా పగులు వస్తుంది. కారుతోందని ఇంకాస్త బిగించడం, బిగించినకొద్దీ ఇంకా కారడం ఇలాగే మొదలవుతుంది. 125 దగ్గర కారితే విప్పి చూడాలి. గీత పడిందా, మురికి ఉందా, ఫ్లేర్ పక్కకు పోయిందా?

3/8 నట్టుకు 11/16 స్పానర్ పడుతుంది. టార్క్ రెంచికి క్రోఫుట్ (విడిగా తగిలించే స్పానర్ తల) పెట్టేటప్పుడు హ్యాండిల్‌కు 90 డిగ్రీల్లో పెట్టండి, అంకె మారదు. తిన్నగా ముందుకు పెడితే చెయ్యి పొడవు పెరిగి, రెంచి చూపించేదాని కన్నా ఎక్కువ పడుతుంది. ఫిట్టింగు ఒంటిని రెండో స్పానర్‌తో పట్టుకోవడం మరవద్దు. లేకపోతే నట్టుతోపాటు ఫిట్టింగూ తిరిగి, అవతలి వైపు ట్యూబు మెలిపడుతుంది.

రివెట్టు రాజు (బెంగళూరు) · 7

దీనికి చిన్న చేర్పు. ఫ్లేర్ చేసే ముందు నట్టు, స్లీవ్ రెండూ ట్యూబు మీదికి ఎక్కించారో లేదో చూసుకోండి. నవ్వొస్తుంది గానీ, అందరూ ఒక్కసారైనా చేసే తప్పు ఇదే. ఇంకోటి, కార్ల షాపులో దొరికే ఫ్లేరింగ్ టూలు 45 డిగ్రీలది. ఏఎన్ ఫిట్టింగు 37. చూడ్డానికి రెండూ ఒకటే, నట్టు కూడా హాయిగా ఎక్కుతుంది. కానీ అంచు ఒక్క గీత మీదే ఆనుతుంది, కొన్ని గంటలకు కారడం మొదలు.

ట్యూబు తనంతట తాను ఫిట్టింగు మీద తిన్నగా కూర్చోవాలి. నట్టుతో లాగి కూర్చోబెట్టారంటే ఆ లాగుడంతా ఫ్లేర్ మెడ మీద ఉంటుంది.

బకింగ్‌బార్ · 8

సరే, క్యాబిన్ నట్లకు వైరు ఆలోచన మానేశాను. గుర్తు గీతకు ఏం వాడాలి? నట్లకు లాక్‌టైట్ రాస్తే ఇంకా భద్రమా?

ఎ అండ్ పి మాస్టారు · 9

ఫ్లేర్ నట్టుకు లాక్‌టైట్ వద్దే వద్దు. అక్కడ మర పని బిగించడమే, కారకుండా ఆపేది సీటు. ఆ జిగురు సీటు మీదికి పాకి ఎండితే ఫ్లేర్ సరిగ్గా ఆనదు, ముక్క ఊడితే కార్బురేటర్ జెట్‌కు చేరుతుంది. స్లీవ్ బయటి వైపు, మగ మరల మీద ఒక్క చుక్క ఇంజిన్ ఆయిలు చాలు.

కోసుగా ఉండే పైపు మర వేరే కథ. ఏఎన్816, ఏఎన్822 లాంటివాటికి ఒకవైపు పైపు మర ఉంటుంది, అక్కడ మరే కారకుండా ఆపాలి. దానికి ఫ్యూయల్ లూబ్ గానీ లాక్‌టైట్ 567 గానీ, మొదటి ఒకటి రెండు మరలు వదిలి రాయండి. టెఫ్లాన్ టేపు మాత్రం ఫ్యూయల్ సిస్టమ్ దరిదాపులకు రానీయకండి. దాని పోగులు జాలీల్లో, నీడిల్ వాల్వులో ఇరుక్కుంటాయి.

గుర్తుకు టార్క్ సీల్ లాంటి గట్టిపడే లక్క. నట్టు మీద మొదలై ఫిట్టింగు ఒంటి మీదికి ఒకే గీతగా దిగాలి. ఒక్క నట్టు మీదే చుక్క పెడితే అది అలంకారమే. టార్చి వేసి ఒక్క చూపులో కనిపించే వైపు పెట్టండి. గీత విరిగి ఉంటే నట్టు కదిలిందని అర్థం.

నీలి ఆకాశం (హైదరాబాద్) · 10

ఇక్కడ రోటాక్స్ 912 ఇంజిన్. అది ఆర్‌వీ కాదు కాబట్టి తేడా చెబుతారా? ఫ్యూయల్ లైన్లు చాలా వరకు రబ్బరు హోసులు, క్లాంపులు, బాంజో బోల్టులు (మధ్యలోంచి పెట్రోలు పోయే బోలు బోల్టులు). ఇంకో అనుమానం, ఎంఎస్20995సి32 వైరు తెప్పించుకోవడానికి నెలలు పడుతోంది. ఈలోపు హార్డ్‌వేర్ షాపులో స్టీల్ బైండింగ్ వైరు వాడొచ్చా?

రివెట్టు రాజు · 11

బైండింగ్ వైరు వద్దన్నా. అది ఇంటి స్లాబులో కడ్డీలు కట్టడానికి చేసిన మెత్తటి ఇనుము. పురి పెడితే సాగుతుంది, ఒక్క వర్షాకాలానికి తుప్పు పడుతుంది. పైకి ఎర్రగా కనిపించినప్పటికే లోపల సగం మందం పోయి ఉంటుంది. సి32లో సి అంటే తుప్పు పట్టని స్టీలు, 32 అంటే 0.032 అంగుళం, మన లెక్కలో 0.81 మిల్లీమీటర్లు. ఒక పౌండు చుట్టలో సుమారు 360 అడుగులు వస్తుంది. ఒక విమానానికి అందులో పదో వంతు కూడా పట్టదు, నలుగురు కలిసి ఒకటి తెప్పించుకోండి. రంధ్రం మరీ సన్నగా ఉంటే 0.020. రాగి వైరు కనిపిస్తే దాని జోలికి పోకండి. అత్యవసర స్విచ్ మూతల మీద, లాగితే ఇట్టే తెగాలని వాడేది అది.

బాంజో బోల్టు విషయానికొస్తే, దాని రెండు వైపులా ఉండే వాషర్లు నలిగితేనే ఆపుతాయి. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. తలకు రంధ్రం ఉంటే వైరు వేయండి, లేకపోతే టార్క్, గుర్తు. హోసులకు పాత రకం పళ్ల క్లాంపు వద్దు, దాని గాట్లు రబ్బరును కోస్తాయి. అంచులు మడిచిన ఫ్యూయల్ ఇంజెక్షన్ రకం తీసుకోండి. ఐదేళ్లకోసారి రబ్బరు హోసులన్నీ మార్చాలన్నది రోటాక్స్ నియమమే.

సీతాకోకచిలుక · 12

హైదరాబాద్ అన్నయ్య గారికి ఇంకో మాట. మీ దగ్గర బంకు పెట్రోలు ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్) కదా. రోటాక్స్ 912కు ఒప్పుకున్నది 10 శాతం ఇథనాల్ దాకానే. వైరు కన్నా ముందు దాని సంగతి చూడాలి. ఇథనాల్ కార్కు గాస్కెట్ల మీద, పాత రబ్బరు సీళ్ల మీద పని చేస్తుంది. సీలు కుంచించుకుపోతే వైరు చెక్కుచెదరకుండానే జాయింటు కారుతుంది.

నీలి ఆకాశం · 13

నిజమే, ఇథనాల్ ఎంత ఉందో ప్రతి డ్రమ్ముకూ నీళ్ల పరీక్ష చేస్తున్నాం. కొలగొట్టంలో కొంచెం నీళ్లు పోసి మట్టం గుర్తు పెట్టి, పైన పెట్రోలు పోసి కుదిపి నిలబెడితే, ఇథనాల్ నీళ్లలోకి దిగి మట్టం పెరుగుతుంది. ఎంత పెరిగిందో చూస్తే అంచనా దొరుకుతుంది.

బకింగ్‌బార్ · 14

ఇక అసలు కట్టడం గురించి. దిశ దగ్గర తికమక పడుతున్నాను. గ్యాస్కొలేటర్, కార్బురేటర్ ప్లగ్గు రెండింటికీ చెప్పండి మాస్టారూ.

ఎ అండ్ పి మాస్టారు · 15

సూత్రం ఇది: వైరు బిగుసుకుంటే ప్లగ్గు బిగిసే వైపు లాగబడాలి. కట్టాక ప్లగ్గును విప్పే వైపు తిప్పుతున్నట్టు మనసులో ఊహించుకోండి. వైరు వెంటనే అడ్డం పడాలి. ముందు వదులై, తర్వాత బిగుసుకుంటే తప్పు కట్టారు.

ముందు టార్క్, తర్వాత వైరు. రంధ్రం ఎదురుగా రాలేదని ప్లగ్గును ఇంకాస్త బిగించడమో, కాస్త వెనక్కి విప్పడమో చేయకూడదు. వాషర్ మార్చండి, లేదా ఇంకో రంధ్రంలోంచి రండి.

వైరు పొడవు: రెండు బిందువుల మధ్య దూరానికి రెండింతలు, పైన చేతికి పట్టు కోసం ఓ ఐదారు అంగుళాలు. ప్లగ్గు రంధ్రంలోంచి దూర్చి, రెండు కొసలూ సమం చేసి, ఒక కొసను తల చుట్టూ తిప్పి రెండో కొస దగ్గరికి తీసుకురండి. ఉచ్చు తలను హత్తుకుని ఉండాలి. అక్కణ్నుంచి పురి. 0.032 వైరుకు అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. ప్లయర్స్ దవడలు వైరును పట్టేది చివరి కొసల దగ్గరే, అంటే తర్వాత కత్తిరించి పారేసే భాగంలో. మధ్యలో పట్టుకుంటే గంటు పడుతుంది. తెగేది సరిగ్గా అక్కడే.

పురి రెండో రంధ్రానికి కొంచెం ముందు ఆగాలి. ఒక కొసను రంధ్రంలోంచి, రెండో కొసను తల చుట్టూ తెచ్చి మళ్లీ పురి. ఇక్కడ పురి దిశ మార్చండి, ఉచ్చు తల మీంచి పైకి జారకుండా కిందికే నొక్కి ఉంటుంది. రెండు వైపులా తిరిగే ప్లయర్స్ పనికొచ్చేది ఇక్కడే. చివర పిలక మూడు నుంచి ఆరు మెలికలు, పావు నుంచి అర అంగుళం. కత్తిరించి లోపలికి మడవాలి. మడవని పిలక తర్వాత చెయ్యి పెట్టినవాడి వేళ్లను కోస్తుంది.

పురి మితిమీరితే స్టెయిన్‌లెస్ గట్టిపడి పెళుసవుతుంది. నున్నగా, మెరుస్తూ, తాడులా ముద్దుగా కనిపించే వైరు ఒక్కోసారి ఇంజిన్ స్టార్టు కాకముందే తెగేది అందుకే. విప్పిన వైరు మళ్లీ వాడకూడదు, ఎంత బాగున్నా సరే.

టార్క్ మావయ్య · 16

కార్బురేటర్ దగ్గర ఇన్‌లెట్ స్క్రీన్ ప్లగ్గు, కింద బౌల్ డ్రెయిన్ ప్లగ్గు, ఈ రెంటికీ వైరు తప్పదు. స్క్రీన్ శుభ్రం చేసిన ప్రతిసారీ కొత్త వైరు. విప్పినప్పుడు పాత వైరు ముక్క బయటికొచ్చిందో లేదో లెక్క పెట్టుకోవాలి.

గ్యాస్కొలేటర్లన్నీ ఒకే రకం కావు. కింది నుంచి తీగ కమ్మీ, చేత్తో తిప్పే నట్టు ఉన్న రకమైతే, నట్టు రంధ్రంలోంచి కమ్మీకి వైరు కట్టు. నట్టును చేత్తోనే బిగించాలి, ప్లయర్స్ పెడితే గాజు గిన్నె చిట్లుతుంది, లేదా గాస్కెట్ ఒకవైపు నలుగుతుంది. కొత్త గాస్కెట్ కొన్ని గంటల తర్వాత కూర్చుంటుంది, అప్పుడు వైరు కోసి మళ్లీ బిగించి కొత్త వైరు వేయాలి. ఇది చేయనివాళ్లే ఎక్కువ.

పికప్ నట్టు చూడ్డానికి అద్దం వాడతావు కదా, అద్దంలో దిశ తిరగబడుతుంది. సరిగ్గా కట్టింది తప్పుగా, తప్పుగా కట్టింది సరిగ్గా కనిపిస్తుంది. ఫోను కెమెరా లోపలికి పెట్టి ఫొటో తీసి చూడు. సెల్ఫీ కెమెరా వద్దు, అదీ తిప్పేస్తుంది.

బకింగ్‌బార్ · 17

ఇది నాకు తట్టేది కాదు, పెద్ద ఉపకారం. ట్యాంకు మూశాక పీల్చే వైపు లీకు పట్టుకునే పరీక్ష ఏదైనా ఉందా?

రివెట్టు రాజు · 18

మొత్తం ట్యాంకును గాలితో పరీక్షించేటప్పుడు 1 పీఎస్ఐ దాటకూడదు. గేజీ మీద నమ్మకం పెట్టుకోకండి, ఆ చిన్న ఒత్తిడికి గేజీలు సరిగా చూపించవు. పారదర్శక గొట్టం యూ ఆకారంలో వంచి నీళ్లు పోస్తే చాలు, రెండు మట్టాల తేడా 27 అంగుళాలు దాటితే 1 పీఎస్ఐ దగ్గరికి వచ్చినట్టే. సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. ఎండ మారితే మట్టమూ మారుతుంది, కాబట్టి పొద్దున్నే నీడలో చేయండి. పంపుతో ఊదకండి, కంప్రెసర్ అసలే వద్దు. ఒక్క క్షణంలో రిబ్బులు ఉబ్బుతాయి.

కానీ పికప్ నట్టు లోపలుంది, ఈ పరీక్ష దాన్ని పట్టుకోదు. దానికి వేరే పరీక్ష కావాలి. ట్యాంకులో కొంచెమే పెట్రోలు పోసి, నట్టు మట్టం పైకి తేలి ఉండగా పికప్ మాత్రం మునిగి ఉండేలా చూసి, బూస్ట్ పంపు వేసి కార్బురేటర్ దగ్గర విప్పిన హోసును పారదర్శక గొట్టంలోంచి డబ్బాలోకి వదలండి. లైన్లో ముందే ఉన్న గాలి పోయాక బుడగలు ఆగిపోవాలి. ఆగకుండా వస్తుంటే పీల్చే వైపు ఎక్కడో సందుంది. భూమికి వైరు కట్టి, అగ్నిమాపకం పక్కన పెట్టుకుని, ఆరుబయటే.

సీతాకోకచిలుక · 19

అదే అదనుగా ఫ్లో కూడా కొలిచేయండి. పంపుతో వెళ్లే సిస్టమ్‌కు టేకాఫ్ అవసరానికి 125 శాతం రావాలి, గురుత్వంతో దిగే హై-వింగ్‌కు 150 శాతం. హార్స్‌పవర్‌కు గంటకు 0.55 పౌండ్ల పెట్రోలు చొప్పున, 180 హార్స్‌పవర్ అంటే గంటకు 180 × 0.55 = 99 పౌండ్లు. 125 శాతం అంటే దాదాపు 124 పౌండ్లు, గాలన్ 6 పౌండ్ల లెక్కన 20.6 గాలన్లు. కాబట్టి 5 గాలన్ల డబ్బా పద్నాలుగున్నర నిమిషాల్లోపు నిండాలి. ముక్కు మాత్రం మీ విమానం ఎక్కే గరిష్ఠ కోణానికి ఇంకో 5 డిగ్రీలు పైకి ఉండాలి. నేల మీద తిన్నగా పెట్టి కొలిస్తే అంకె బాగానే వస్తుంది, పనికి మాత్రం రాదు.

బకింగ్‌బార్ · 20

పికప్ నట్టుకు రంధ్రాలు వేశాను, టార్క్ 100 ఇంచ్-పౌండ్లు, వైరు బ్రాకెట్‌కు. ఫొటో జత చేశాను. ఏడు మెలికలు వచ్చాయి. దిశ చూసి చెప్పండి.

ఎ అండ్ పి మాస్టారు · 21

దిశ సరిగ్గా ఉంది. మెలికలూ బాగున్నాయి. కానీ పిలక రిబ్బు వైపు వంగి దాదాపు తగులుతోంది. కంపనంలో అది రిబ్బు మీద రాసుకుంటుంది, అక్కడ సీలెంట్ కూడా ఉంది. నట్టు వైపు మడవండి. ఇంకొకటి, ఫొటోలో కుడి మూల కింద మెరుస్తున్నది కత్తిరించిన వైరు ముక్కలా ఉంది.

బకింగ్‌బార్ · 22

ముక్కే మాస్టారూ. స్టెయిన్‌లెస్ కాబట్టి అయస్కాంతానికి అంటలేదు, టేపు జిగురుతో తీశాను. పిలక మడిచాను.

ఎ అండ్ పి మాస్టారు · 23

కత్తిరించేటప్పుడు ఆ కొసను రెండు వేళ్లతో పట్టుకునే కత్తిరించండి, కళ్లద్దాలు పెట్టుకుని. కుడి ట్యాంకుకూ అంతే. మూయండి ఇక.